రెండు గంపల బూడిద

రాయచూరు గంజ్ మార్కెట్ వెనక సందులో, పత్తి దలాలీ కొట్ల మీది మేడలో ఉండే ఆడిటర్ సౌభాగ్యలక్ష్మి ఆఫీసులో అన్నీ దొరుకుతాయి గానీ వైట్‌నర్ మాత్రం దొరకదు. రబ్బరూ దొరకదు. పెన్సిలు పట్టుకుని వచ్చినవాళ్లను ఆమె గడప దగ్గరే ఆపి, పెన్ను చేతికిచ్చి అప్పుడు లోపలికి రమ్మంటుంది. ఈ సంగతి తెలియక నవ్యశ్రీ మొదటి రోజు కొత్త వైట్‌నర్ సీసా కొనుక్కుని మరీ వచ్చింది. పాపం, అన్నిటికీ తయారై వచ్చానని చూపించుకోవాలనుకుంది.

"గదేంది?" అంది సౌభాగ్యలక్ష్మి.

"వైట్‌నర్, మేడం. తప్పు పోతే దిద్దడానికి."

"తప్పు పోతే ఒక్క గీత కొట్టాలె. కింద రాసింది చదవొచ్చేటట్ల ఉండాలె. పక్కన నీ సంతకం చెయ్యాలె. గంతే."

"గలీజుగ కనబడదా మేడం?"

"కనబడాలె బిడ్డా. మనం ఒకల తప్పులు ఎతికి బతికేటోళ్లం. మన తప్పులు ముందుగాల కనబడాలె." ఆ సీసా తీసుకుని ఆమె కిటికీ అవతల పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఎండిపోయి ఉంది.

నవ్యశ్రీది కృష్ణకు కర్ణాటక ఒడ్డున ఉన్న పల్లె. పొద్దుగూకితే అవతలి గట్టున తెలంగాణ దీపాలు కనిపిస్తాయి. తల్లి హంపమ్మ పత్తి ఏరే కూలికి పోతుంది. పిల్ల చదివేది కొత్త పద్ధతి బి.కాం. చివరి ఏడాది తరగతిలో కూర్చోవడం తక్కువ, ఎవరో ఒకరి దగ్గర అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకోవడం ఎక్కువ. పని నేర్పినవాళ్లు మార్కులు వేస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. ఆడిటర్ దగ్గర చేరానని చెప్తే ఊళ్లో ఆడవాళ్లు బుగ్గన వేలు పెట్టుకున్నారు. "ఆడిటంటే ఏందే? ఒకల లెక్కల ఇంకొకలు ఏలు పెట్టుడా?" అని అడిగారు. ఊరివాళ్ల మాటకేం గానీ, ఇంతకంటే సూటిగా ఆ వృత్తిని ఏ పుస్తకమూ చెప్పలేదు.

చేరిన కొత్తలో నవ్యశ్రీకి పాత ఫైళ్లు సర్దే పని పడింది. తీసిన ప్రతి ఫైలులోనూ ఎక్కడో ఒకచోట ఒక గీత, దాని పక్కన చిన్న సంతకం కనిపించేవి. చాలా గీతలు మేడంవే. ఇంత పెద్దామె ఇన్ని తప్పులు చేసిందా అని మొదట ఆశ్చర్యపోయింది. చూడగా చూడగా ఆశ్చర్యం పోయి గౌరవం వచ్చింది. ఇరవై ఏళ్లుగా తన తప్పులన్నీ ఎవరైనా చదువుకోవచ్చునన్నట్టు బీరువాలో పెట్టుకుని, ఆ బీరువాకు తాళం కూడా వేయని మనిషిని ఆ పిల్ల అంతకుముందు చూసి ఎరగదు. నేనూ ఎరగను. తప్పు చేసి ఎదుటివాడి మీదికి తోసేవాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు.

మార్చి నెలాఖరు వచ్చింది. ఆడిటర్ల ఇళ్లలో అది పెళ్లివారం లాంటిది, అన్నం తినడానికి తీరిక ఉండదు. ఏడాది ముగిసే రోజున ఒక్కొక్క కార్ఖానాలో సరుకు ఎంత మిగిలిందో కళ్లతో చూసి రాసుకోవాలి. సౌభాగ్యలక్ష్మికి హట్టి బంగారు గనుల వైపు పని పడింది.

"యరమరస్ బూడిద ఇటుకల కార్ఖానాకు నువ్వు పో. ఒక్కదానివే," అంది. "బూడిద ఎంత వచ్చిందో కాగితాల చూడు. ఎంత వాడిండ్రో చూడు. మిగిలింది తూకమేయించు. కళ్లతోటి చూడంది రాయకు."

ఒక్కదానివే అన్న మాట విన్నాక నవ్యశ్రీ పాదాలు నేల మీద ఆగలేదు.

యరమరస్‌లో కరెంటు కార్ఖానా గొట్టాలు ఎక్కడ నిలబడినా కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల అన్నిటి రంగూ ఒకటే. చెట్లూ, గోడలూ, మేకలూ, చివరికి టీకొట్టు మీది రేకులూ బూడిద రంగే. ఇటుకల కార్ఖానా యజమాని యోగానంద్ పోతనాళ దగ్గర కాలవ కింద వరి పండించిన ఆంధ్రావాళ్ల అబ్బాయి. వరిలో వచ్చిన డబ్బు తెచ్చి ఇటుకల్లో పెట్టాడు. చెడ్డవాడు కాదు గానీ అన్నిటికీ తొందర. అన్నం కూడా నిలబడే తింటాడు.

స్టోరు చూసేది ఉలిగప్ప. కార్ఖానా పునాది తవ్విన రోజు నుంచీ ఉన్న మనిషి. మొలతాడుకు తాళాల గుత్తి వేలాడుతుంటుంది. ఆయన ఎక్కడున్నాడో ఆ చప్పుడును బట్టి కూలీలకు తెలిసిపోతుంది.

నవ్యశ్రీ కాగితాలన్నీ చూసింది. కరెంటు కార్ఖానా దగ్గరి బూడిద చెరువు నుంచి టిప్పర్లలో వచ్చిన ప్రతి లోడుకూ, బండితో సహా తూచే ధర్మకాంటా చీటీ ఉంది. ఇటుకల్లోకి పోయిన బూడిదకు రోజువారీ లెక్క ఉంది. మిగలాల్సింది ఎంతో తేలింది. తర్వాత కుప్పను ట్రాక్టర్లకు ఎత్తించి, ఎండలో నిలబడి తూకం వేయించింది. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.

రెండోసారి లెక్క చూసుకుంది. అదే వచ్చింది.  భయం కాదు, సంతోషం వేసింది. మొదటి పనికే ఇంత పెద్ద తేడా పట్టేసింది మరి!

"కాకా, మిగతా బూడిద ఏమైంది?" అని అడిగింది.

ఉలిగప్ప ముఖం పాలిపోయింది. "ఏమో బిడ్డా. గాలికి పోయుంటది."

"గాలి ఇంత మింగేస్తుందా ఉలిగప్పా?" అన్నాడు యోగానంద్ వెనక నుంచి.

 భయపడ్డ మనిషికి తెలిసిన సంగతి కూడా తట్టదు. ఉలిగప్పకు తట్టింది ఒకే ఒక్కటి, చాన్నాళ్లుగా మనసులో ముల్లులా ఉన్నది. "సావుకారూ, రెండు గంపలు మాత్రం నేనే ఇచ్చిన. వానకాలం మన కూలి హనుమవ్వ గుడిసెల నీళ్లు నిలబడ్తుంటె, నేల ఎత్తు చేసుకోనీకి ఇచ్చిన. మీకు చెప్తమనుకొని మరిచిన."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఉలిగప్ప పాపం మాత్రం చెప్పగానే నెత్తికెక్కింది.

"చూశారామ్మా, ఒప్పుకున్నాడు!" అన్నాడు యోగానంద్. "రెండు గంపలు ఇచ్చినవాడు రెండు లోడ్లు ఇవ్వడా? నిప్పు లేందే పొగ వస్తుందా?"

నవ్యశ్రీ రాసింది. బూడిద నిల్వలో పెద్ద తేడా ఉంది. తేడాకు కారణం చెప్పలేకపోయారు. బయటికి ఇచ్చినట్టు స్టోర్ కీపర్ ఉలిగప్ప ఒప్పుకున్నారు. మూడు వాక్యాలు, గుండ్రటి అక్షరాలు, కింద తేదీ.

యోగానంద్ ఆ కాగితం తీసుకుని, పని ఆపి చూస్తున్న కూలీలందరికీ వినబడేలా గట్టిగా చదివి, తిరిగి నవ్యశ్రీకిచ్చాడు. తర్వాత ఉలిగప్ప వైపు చెయ్యి చాచాడు. ఉలిగప్ప మొలతాడు నుంచి తాళాల గుత్తి విప్పి ఆ చేతిలో పెట్టాడు. ముడి బిగుసుకుపోయి ఉండటంతో విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. "రేపట్నుంచి రావద్దు. బ్యాంకు లోను పని అయ్యాక పోలీసుల సంగతి చూస్తా," అన్నాడు యోగానంద్.

సాయంత్రం ఆఫీసుకు వచ్చిన సౌభాగ్యలక్ష్మి, హట్టి దుమ్ము ముఖం మీదుండగానే ఆ కాగితం చదివింది. "మొదటి పనికే మంచిగ చూసినవ్ నవ్యా," అని కింద తన సంతకం చేసింది. ఆ మాట విన్న సంతోషంలో నవ్యశ్రీ బస్సులో కూర్చోడానికి చోటు దొరికినా కూర్చోలేదు.

ఇంటికి వెళ్లి తల్లికి పూస గుచ్చినట్టు చెప్పింది. హంపమ్మ జొన్నరొట్టె తడుతూ వింది. అంతా విని, పిండి చేతులతో అలాగే ఆగిపోయింది.

"దొంగ అయితె రెండు గంపల సంగతి ఎందుకు చెప్తడే?" అంది. "అడగకముందే చెప్పినోడు దొంగెట్లయితడు?"

"నీకు తెల్వదమ్మా. లెక్కల తేడా ఉంది."

"నాకు లెక్క తెల్వదు, నిజమే. ఒకల పేరు రాసేటప్పుడు చెయ్యి వణకాలె బిడ్డా. నీది వణికిందా?"

వణకలేదు. అందుకే నవ్యశ్రీకి ఆ రొట్టె సయించలేదు.

తర్వాత కొన్నాళ్లు ఆ ప్రశ్న చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. రోజూ ఆఫీసుకు పోయే బస్సు శక్తినగర్ మీదుగా, యరమరస్ మీదుగానే పోతుంది. ఒక పొద్దున శక్తినగర్ దాటాక బస్సు ముందు ఒక బూడిద టిప్పరు పడింది. పక్కకు తప్పుకోదు, ముందుకు ఉరకదు. ఉన్నట్టుండి బస్సు అద్దం మీద చినుకులు పడ్డాయి. డ్రైవరు తిట్టుకుంటూ వైపర్ వేశాడు.

"చైత్రమాసంల వానేందప్పా?" అన్నాడు కండక్టరు నవ్వుతూ.

"వాన గాదు, బూడిద నీళ్లు! చెర్వుల్నుంచి తోడినది తోడినట్లే లోడు చేస్తరు. అద్దం చూడు, ఖరాబ్ చేసిండు!" అన్నాడు డ్రైవరు.

నవ్యశ్రీ లేచి ముందుకు వచ్చి చూసింది. టిప్పరు వెనక తలుపు సందుల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నల్లటి రోడ్డు మీద తడి చార కనుచూపుమేర ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, దాటొచ్చిన చోట ఎండకు అప్పుడే ఆరిపోతోంది. టిప్పరు పోయి ధర్మకాంటా దగ్గర ఆగింది. నీళ్లతో సహా తూకానికి ఎక్కింది.

 చీటీలో రాసింది తడి బూడిద తూకం. కుప్పలో మిగిలింది నెలల తరబడి రాయచూరు ఎండకు ఎండిన బూడిద. మధ్యలో పోయింది నీళ్లు. ఆ నీళ్లన్నీ తాను ఉలిగప్ప నెత్తిన పోసింది. తన మూడు వాక్యాలూ ఒక్కొక్కటిగా చూస్తే నిజమే. మూడూ పక్కపక్కన నిలబడితే పచ్చి అబద్ధం.

రాయచూరుకు టికెట్టు కొన్న మనిషి యరమరస్‌లోనే దిగిపోయింది.

"మల్లా ఏంటమ్మా?" అన్నాడు యోగానంద్. రాయచూరులో ఉండి ఉండి ఆయనకూ కొన్ని మాటలు అంటుకున్నాయి.

"సార్, ఇప్పుడొచ్చిన లోడుల నుంచి ఒక గంప బూడిద కావాలె. ఎండబెట్టి చూడాలె."

"అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకు? ఉలిగప్పే నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"తప్పు రాసింది కత్తిపీటే సార్," అంది నవ్యశ్రీ. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

గంప నిండా తడి బూడిద తూకం వేసి, పాత టార్పాలిన్ పట్టా మీద పలచగా పరిచింది. గాలికి పోయిందన్న మాట మళ్లీ ఎవరూ అనకూడదని తన చున్నీ తీసి పైన కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టింది. ఇటుకల దొంతర నీడలో కూర్చుని కాపలా కాసింది. ఆఫీసుకు పోలేదని మేడం ఏమంటుందో, మార్కులు ఏమవుతాయో అన్న ఆలోచన వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? తన మొదటి ఘనకార్యాన్ని తన చేతులతోనే ఎండబెట్టుకుంటోంది మరి. పొద్దు వాలేదాకా లేవలేదు. మళ్లీ తూకం వేసేసరికి గంప బాగా తేలికైపోయింది.

యోగానంద్ కాంటా వైపు చూసి, చెంప గోక్కున్నాడు. "పోయినేడాది దాకా మూత ట్యాంకర్లలో పొడి బూడిద వచ్చేది. ఈ ఏడే చెరువు బూడిదకి మారాం. నాకూ తట్టలేదు," అని, వెంటనే, "ఒక పని చేద్దాం. కొత్త కాగితం రాసిచ్చెయ్యండి. పాతది చింపేద్దాం. ఉలిగప్ప సంగతి నెమ్మదిగా చూసుకుందాం," అన్నాడు.

నవ్యశ్రీ ఆఫీసు మెట్లు ఎక్కేసరికి చున్నీ బూడిద రంగులో ఉంది. "మేడం, నేను తప్పు రాసిన," అని మొదలుపెట్టి, టిప్పరు నుంచి కాంటా దాకా అంతా చెప్పింది.  

సౌభాగ్యలక్ష్మి అంతా విని, "చున్నీ కప్పి ఎండబెట్టినవా?" అని అడిగింది.

"అవు మేడం."

"నీళ్లు తాగినవా పొద్దుటినుంచి?"

లేదన్నట్టు తలూపింది. సౌభాగ్యలక్ష్మి లేచి, కూజాలోంచి తానే నీళ్లు ముంచి ఇచ్చింది. తర్వాత ఫైలు తీసి ముందు పెట్టింది. "గీత కొట్టు."

"మేడం, కొత్త కాగితం మీద రాద్దామా? గీత కొట్టినా కాక పేరు అట్లనే కనబడ్తది."

"కొత్త కాగితం రాస్తె తప్పు ఎవలది అనేది మాయమైతది. గీత కొడితె పక్కన మన సంతకం ఉంటది. రేపు చదివినోనికి ఉలిగప్ప దొంగ కాదని తెలుస్తది. తప్పు మనదని గూడ తెలుస్తది. రెండూ తెల్వాలె."

నవ్యశ్రీ ఒక్కొక్క వాక్యం మీద ఒక్కొక్క గీత కొట్టి, పక్కన సంతకం చేసింది. తడి గంప, ఎండిన గంప తూకాలు వేరే కాగితం మీద రాసి, ఆ పేజీ వెనక గుచ్చింది. కింద ఉన్న తన సంతకం మీద సౌభాగ్యలక్ష్మి కూడా గీత కొట్టి, పక్కన మళ్లీ సంతకం పెట్టింది. "బూడిద యాడికెళ్లి వస్తుందో, తడిదో పొడిదో అడగాల్సింది నేను. పాత లెక్క మనసుల పెట్టుకొని కూర్చున్న. ఇది నీదొక్కదానిదే తప్పు కాదు," అంది. పేరున్న ఆడిటర్ అప్రెంటిస్ పిల్ల ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నవ్యశ్రీకి అప్పుడే అర్థమైంది. ఏ చదువైనా ఇలాంటి మనిషి పక్కన కూర్చుని చదవాలి అనుకుంది.

"ఇప్పుడు చెప్పు," అంది మేడం. "ఆ కాగితం యోగానంద్ ఎట్ల చదివిండు?"

"అందరి ముందల. గట్టిగ."

"అయితె గీత గూడ అందరి ముందలే పడాలె. పొద్దుగాల పోదం."

మర్నాడు సౌభాగ్యలక్ష్మి నేరుగా కార్ఖానాకు పోలేదు. నవ్యశ్రీని వెంటబెట్టుకుని ముందు ఉలిగప్ప ఇంటికి పోయింది. ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. ఇంటి ముందు ఆడిటరమ్మ నిలబడటం చూసి, పోలీసులకు పట్టించడానికే వచ్చిందనుకుని లేచి చేతులు జోడించాడు. సౌభాగ్యలక్ష్మి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. "తప్పు మాది ఉలిగప్పా. మాతోటి రా. నువ్వు ఊకె నిలబడు చాలు," అంది.

కార్ఖానాలో కూలీలంతా పనిలోకి దిగే వేళ. సౌభాగ్యలక్ష్మి పట్టుచీర కొంగు దోపుకుని, బూడిద కుప్ప పక్కన చెప్పుల్లోకి బూడిద పోతున్నా పట్టించుకోకుండా నిలబడింది. యోగానంద్‌ను పిలిచింది. "నవ్యా, చదువు," అంది.

నవ్యశ్రీ తాను రాసిన మూడు వాక్యాలూ చదివింది. ప్రతి వాక్యం తర్వాత "గిది తప్పు, కొట్టేసిన" అంది. నీళ్ల సంగతి కూలీలకు అర్థమయ్యేలా చెప్పింది. చివరికి ఉలిగప్ప వైపు తిరిగి, "కాకా, చూడకుండ రాసిన. నీ పేరు పాడు చేసిన. నన్ను క్షమించు," అంది.  అటువైపు నిలబడ్డ ఆడవాళ్లలో హనుమవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది.

యోగానంద్ మామూలుగా ఎక్కడా ఆగడు, ఆ రోజు ఆగాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి చాచాడు. "తొందరపడ్డాను ఉలిగప్పా. తీసుకో," అన్నాడు.

ఉలిగప్ప తీసుకోలేదు. నవ్యశ్రీ చేతిలోని కాగితం వైపు చూశాడు.

"అంత కొట్టేసినవా బిడ్డా?"

"అంత కొట్టేసిన కాకా. ఒక్క అక్షరం మిగల్లే."

"గట్ల గాదు. రెండు గంపలు ఇచ్చింది నిజమే గదా. అది ఎందుకు కొట్టేసినవ్?" ఆయన గొంతులో కోపం లేదు, లెక్క తప్పిందన్న కంగారు ఉంది. "అడగకుండ ఇచ్చిన. అది ఉండాలె. అది రాస్తేనే నేను తాళాలు పట్టుకుంట."

నవ్యశ్రీ మేడం వైపు చూసింది. సౌభాగ్యలక్ష్మి ఫైలును కాగితం కింద అట్టలా పట్టుకుంది, పిల్ల నిలబడే రాసుకోవడానికి.

రెండు గంపల బూడిద వానాకాలంలో హనుమవ్వ గుడిసె నేలకు యజమానిని అడగకుండా ఇచ్చాను అని నవ్యశ్రీ ఆయన మాటగానే రాసింది. ఈసారి చెయ్యి వణికింది. ఉలిగప్ప పెన్ను తీసుకుని కన్నడంలో సంతకం చేసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని మళ్లీ ఒకసారి చూసుకుని, అప్పుడు తాళాలకు చెయ్యి చాచాడు.

ఆ పేజీలో గీత పడని వాక్యం అదొక్కటే.